ఎడమ కాలికి పని లేని బండి

విజయలక్ష్మికి పసితనంలోనే పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. మిగతా మనిషి మాత్రం గట్టిపిండం. బేగంబజార్‌లో భర్త కైలాసంతో పాటు స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుని, హమాలీలతో ఉర్దూలో, బేరమాడే ఆడవాళ్ళతో తెలుగులో వాదించి గెలవడం ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. బయటికి పోవాల్సి వస్తేనే ఆ నోరు పడిపోయేది. పురానాపూల్ దగ్గరున్న అక్కను చూడాలన్నా ఎవరికి తీరికుందా అని ఇంట్లో అందరి మొహాలూ చూడాలి. ఇంట్లో కారుంది, క్లచ్ తొక్కే కాలు లేదు. గేర్లు లేని కారు కొనమంటే ‘పెట్రోలు మస్తు తాగుతది’ అని కైలాసం ఏళ్ళ తరబడి దాటేశాడు.

ఈ ఏడాది పాత కారు మొరాయించింది. కరెంటు కారు కొందామని కైలాసమే అన్నాడు. కరెంటు కారుకు క్లచ్చూ గేర్లూ ఉండవు, అంటే పెట్రోలు సాకు ఆయనే చేజార్చుకున్నాడన్నమాట! విజయలక్ష్మి కోడలు స్రవ్యను వెంటబెట్టుకుని పోయి లెర్నింగ్ లైసెన్స్ తెచ్చుకుంది, డ్రైవింగ్ స్కూల్లో గేర్లు లేని కారు నడపడమూ నేర్చుకుంది. ఏదో సరదా పడుతోందనుకున్నాడు కైలాసం.

ముగ్గురూ చాంద్రాయణగుట్ట రోడ్డులో షోరూముకు పోయారు. ఒకే కంపెనీవి రెండు ఎస్‌యూవీలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఛార్జింగ్ చేస్తే ఎంత దూరం పోతుంది, డిక్కీలో ఎన్ని గిన్నెల మూటలు పడతాయి అని కైలాసం ఆరా తీస్తుంటే, సేల్స్ కుర్రాడు ఆయనకొక్కడికే జవాబులు చెబుతున్నాడు. మధ్యలో మర్యాదకు ఇటు తిరిగాడు.

“మేడమ్, వెనక సీటు చూడండి, సోఫాలా ఉంటుంది.”

“వెనక సీటు పెండ్లయినప్పటి సంది చూస్తున్న భాయ్. డ్రైవర్ దిక్కు తలుపు తెరువు.”

ముందు చిన్న బండిలో కూర్చుంది. ఎక్కడం హాయిగా ఉంది. కానీ లోపల ఇరుకు. ఇనుప పట్టీల బూటు వేసిన ఎడమ కాలు ఎక్కడ పెట్టినా జారి బ్రేకు దగ్గరికే వస్తోంది.

“అలవాటైపోతుంది మేడమ్.”

“అలవాటయ్యే లోపల ఎవర్నన్న గుద్దుత.”

పెద్ద బండి సీటు ఆమె నడుముకంటే ఎత్తు. వెనక్కి తిరిగి చేతులు ఊని లేవబోయింది, జారింది. మళ్ళీ జారింది. చెమటలు పట్టాయి, సిగ్గేసింది, తన కాలి మీద తనకే కోపం వచ్చింది. పళ్ళు బిగబట్టి మళ్ళీ లేచి కూర్చుంది. చచ్చుకాలిని చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంది. అక్కడ జాగా విశాలంగా ఉంది, కాలు పెట్టినచోటే కుదురుగా ఉండిపోయింది.

కైలాసం అదంతా చూశాడు. ఇందాకటి దాకా పెద్దదే కావాలన్న మనిషి మాట మార్చాడు.

“చిన్నదే తీస్కుందాం విజయా. రోజూ గీ తిప్పలెందుకు?”

“ఎక్కుడు ఒక్కసారితోని అయిపోతది. ఆ చిన్నదాంట్ల కాలు దారి పొడుగూత లొల్లి చేస్తది.”

“గట్లయితే ఇదే తీస్కుందాం. నేను ఎక్కిస్త గద!”

“మీరెక్కిస్తే మళ్ళ మీ కోసమే చూస్కుంట కూసోవాలె. వద్దు.”

షోరూము వెనక పెద్ద ఆవరణ ఉంది, అక్కడైతే మెల్లగా నడుపుకోమన్నాడు కుర్రాడు. స్రవ్య పక్కన కూర్చుంది. విజయలక్ష్మి కుడి కాలు మెల్లగా నొక్కింది. బండి చప్పుడు లేకుండా కదిలింది. గోడ వారగా తిరిగి ఒక చుట్టు పూర్తయ్యేసరికి కైలాసం కంగారుగా చెయ్యెత్తి ఆపమన్నాడు. ఆమె ఆయన్ను చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బండి ఆపలేదు, ఇంకో చుట్టుకు తిప్పింది.

కుర్రాడు నవ్వుతూ కైలాసం దగ్గరికొచ్చాడు. “సార్, మరి ఏది బుక్ చేద్దాం?”

కైలాసం ఎత్తిన చెయ్యి దించుకున్నాడు.

“నన్నడుగుతవేంది భాయ్? నడిపేటామె వస్తున్నది. ఆమెనడుగు.”