బెల్లం కనపడ్డ బాయిలు

నా చిన్నప్పుడు మా తొర్రూరు ఇంట్ల కుక్కను ముట్టుకుంటే తానం చెయ్యాల్సిందే. మాది కిరాణా కొట్టు, మా నానమ్మకు మడి పిచ్చి. అయినా నేనూ మా చెల్లె రోజుకు ఎన్ని తానాలైనా చేసినం గానీ మా కుక్కను మాత్రం విడవలే. బెల్లం రంగుల ఉంటదని దానికి బెల్లం అనే పేరు పెట్టుకున్నం. కొట్టు అరుగు మీద ఖాళీ గోనెసంచులల్ల పండుకునేది. మా చెల్లెకు ఇంకా బడి వయసు రాలే. పొద్దంతా దానికి బెల్లమే తోడు.

అది తెలంగాణ కావాలని మొదటిసారి ఊరూరు లేచిన ఏడు. బడులు బంద్, బస్సులు బంద్, దుకాణాలు బంద్. మా బాపు సరుకు కోసం పట్నం పోయి అక్కడనే చిక్కుకపోయిండు. ఇంట్ల అమ్మ బాలింత. మూడో కాన్పుల కూడా ఆడపిల్లనే పుట్టిందని నానమ్మ అమ్మతోని సరిగ్గ మాట్లాడకుండె. కొట్టు మూతపడ్డంక బెల్లానికి పడే మెతుకు కూడా తగ్గింది. అది ఊరి బయట తిరగబట్టింది. అక్కడ ఏ పిచ్చికుక్క కరిసిందో ఏమో, ఒకనాడు చొల్లు కార్చుకుంట వచ్చి, అన్నం ముద్ద పెట్టబోయిన మా చెల్లె చెయ్యి కొరికింది. వాడకట్టు మగోళ్లు దాన్ని కట్టెలతోని కొట్టి చంపిన్రు. నేను చూసిన. చెల్లెను అప్పటికే లోపలికి గుంజుకపోయిన్రు కాబట్టి అది చూడలే. బెల్లం ఏదని అడిగితే, ఊరికి పోయిందని చెప్పిన్రు. చిన్నపిల్ల, ఏడుస్తదని చెప్పిన మాట అది. ఆ మాటనే తర్వాత మా కొంప మీదికి తెచ్చింది.

మా దిక్కు కుక్క కరిసినోళ్లకు ఏడు బాయిలు చూపిస్తరు. బాయిల తొంగి చూస్తే నీళ్లల్ల ఎవరి మొకం వాళ్లకు కనపడాలె. అట్ల కనపడితే గండం గడిసినట్టు. కుక్క కనపడిందంటే విషం ఎక్కినట్టే, ఇగ ఆశ వదులుకోవాల్సిందే. కరిసిన చేతికి పసుపు పెట్టి, గుడ్డ కట్టి, నానమ్మ చెల్లెను సంకనేసుకొని బయలెల్లింది. నేను వెనుక ఉరికిన. మొదటి బాయి మా వీధి చివరదే. నీళ్లల్ల ఎవరున్నరే అని నానమ్మ అడిగింది. మా చెల్లె బాయి గోడ పట్టుకొని వంగి చూసి, ఎంత సంబురంగనో, బెల్లం ఉన్నదని చెప్పింది.

నానమ్మ మొకంల నెత్తురు లేదు. ఇంకో బాయికి తీసుకపోయింది. అక్కడా బెల్లమే. మూడో బాయి కాడ మా చెల్లె తానే ముందుకు ఉరికి, బెల్లం తోక ఊపుతున్నదని నాకు చూపించబోయింది. నానమ్మ ఇగ అక్కడి నుంచి ముందుకు పోలే. పిల్లను భుజానేసుకొని ఇంటికి వచ్చి, అరుగు మీద కూలబడి, కొంగు నోట్లె కుక్కుకున్నది.

అప్పటి నుంచి మా ఇల్లు బతికున్న పిల్ల ఉన్న ఇల్లు లెక్క లేకుండె. ఆడోళ్లు వచ్చేది, చెల్లెను చూసేది, ముక్కు చీదేది. దాని కండ్లు ఎంత అందమో, మాట ఎంత ముద్దో అని చెప్పుకునేటోళ్లు. పోయినోళ్ల కండ్లు చారెడంటరు. మా చెల్లె కండ్లను బతికుండంగనే చారెడు చేసిన్రు. కొట్ల ఉన్న పటికబెల్లం పలుకు అడిగితే ఎన్నడూ ఒక్కటి ఇయ్యని నానమ్మ, డబ్బ డబ్బనే దాని ముందట పెట్టింది. అది చూసినంకనే నాకు నిజంగ భయమైంది. వరంగల్ పెద్ద దవాఖానల దీనికి సూదులు వేస్తరని అమ్మ లోపలి నుంచి ఏడ్సుకుంట అన్నది. బస్సులు లేవు, ఉన్నా ఏం లాభం, నీళ్లే చెప్పినంక మనిషి చేసేదేమున్నదని నానమ్మ అన్నది. అమ్మ చంటిపిల్లను పట్టుకొని గోడకు తల కొట్టుకున్నది.

విషం ఎక్కినోళ్లు నీళ్లను చూస్తే బెదురుతరని విన్న. అందుకని నేను గిలాస పట్టుకొని చెల్లె వెంట తిరిగిన. తాగు, ఇంకో గుటక తాగు అని బతిమాలిన. అది నా కోసమని తాగి తాగి, పొట్ట పట్టుకొని, ఇగ వద్దక్కా అన్నది. వద్దన్నదంటే భయం వచ్చిందేమోనని నేను దొడ్లెకు పోయి ఏడ్సిన. ఏ దేవునికి మొక్కాల్నో కూడా తెల్వకపాయె.

మా పక్కింట్ల ఒక చాచి ఉండేది. వాళ్లు లింగాల ఘనపూర్ దిక్కు నుంచి వచ్చి మా వాడకట్టుల ఉంటున్న సాయబులు. చాచా మా కొట్టుకు సరుకు తోలే ఎడ్లబండి నడిపేది. వాళ్లకు పిల్లలు లేరనే మాకు తెలుసు. చాచి మా ఇంటి గడప దాటి వచ్చేది కాదు, నానమ్మ మడికి ఆమె కూడా అలవాటు పడ్డది. ఆ నాడు మాత్రం నేరుగ అరుగెక్కి, చెల్లె పక్కన కూసున్నది. నీళ్లల్ల బెల్లం ఏం చేస్తున్నదని అడిగింది. తోక ఊపి, నన్ను రమ్మంటున్నదని చెల్లె చెప్పింది. చాచి జర సేపు అటు తిరిగి ఉండి, మళ్ల నానమ్మ దిక్కు తిరిగింది.

మా దర్గా కాడి పెద్దమనిషి చెప్పిన మాట అని మొదలుపెట్టింది. కుక్క తిరిగిన ఊరి బాయిల చూస్తే కుక్కనే కనపడ్తదట. ఆ చూపు లెక్కల రాదట. అది తొక్కని పొలిమేరలు దాటి, ఉత్తరం దిక్కు పోయి, ఊరికొక్క బాయి చూపియ్యాల్నట. నానమ్మ మొదటిసారి తలెత్తింది. ఉత్తరం దిక్కంటే రాయపర్తి, వర్ధన్నపేట, మామునూరు, ఆ వెనుక వరంగల్. ఆ తొవ్వ ఎక్కడికి పోతదో ఇంట్ల అందరికీ తెలుసు. అమ్మ తన పాత చీర మడత పెట్టి బండిల పరవమని ఇచ్చింది. చెల్లె నా లంగా విడవకపోయేసరికి నన్ను కూడా ఎక్కిచ్చిన్రు.

బండి మెల్లగ పోయింది. ఊరూరికి బాయి కాడ ఆపుడు, చాచి చెల్లెను దించుడు, అది తొంగి చూసి బెల్లం ఉన్నదనుడు. ప్రతిసారి నానమ్మ బండిలనే కొంగు కప్పుకొని ఏడ్చుడు. చాచి మాత్రం, బెల్లం ముందటి ఊరికి రమ్మంటున్నదా, అయితే పా బిడ్డా అని, అవే నీళ్లు చేది దానికి తాగిచ్చి, బండి ఎక్కిచ్చేది. తాగుతున్నంత సేపు దాని గొంతు దిక్కే చూసేది. నాకు ఆమె మీద కోపమొచ్చేది. అందరి ఆశ చచ్చింది, ఈమె ఎందుకు ఊరూరికి మమ్మల్ని మళ్ల మళ్ల చంపుతున్నదని అనుకున్న.

వర్ధన్నపేట దాటినంక తొవ్వకు అడ్డం రాళ్లు పెట్టి ఉద్యమం పిలగాండ్లు కూసున్నరు. బండి తిప్పుకపొమ్మన్నరు. చాచి చెల్లె చేతికున్న గుడ్డ విప్పి చూపించింది. వాళ్లే లేచి రాళ్లు జరిపిన్రు. ఒకాయన మా చెల్లెను జై తెలంగాణ అనమంటే, అది పెద్దగ అన్నది. వాళ్లు నవ్వలే. అంత చిన్న గొంతుల ఆ మాట విని తల దించుకున్నరు.

వరంగల్ చేరినంక పెద్ద దవాఖానల చూపించినం. బొడ్డు చుట్టు రోజుకొక సూది అన్నరు. చాచా చుట్టాలింట్ల దిగినం. మా నానమ్మ సాయబుల ఇంటి వాకిట్ల మూడు రాళ్లు పెట్టుకొని అన్నం వండుకున్నది, అదే గొప్ప. సూది పొడుస్తుంటే చెల్లె అరుపులకు నేను చెవులు మూసుకునేది. దాని పొట్ట రాయి లెక్క గట్టిపడ్డది. పొద్దున లేస్తనే నా కాళ్లు పట్టుకొని, నేను మంచిగుంట అక్కా, నన్ను తీసుకపోకున్రి అని ఏడ్చేది. ఇంత కష్టపెట్టి ఇది ఎట్లాగూ పోతదేమోననే నా మనసుల ఉండె. అట్ల అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యమేసేది.

సూదులు ఇంకా సగం కూడా కాలే. దవాఖాన పక్కన ఒక బాయి ఉండె. ఆ నాడు నానమ్మ బతిమాలి చెల్లెను అక్కడికి తీసుకపోయింది. అది వంగి చూసింది, చాలాసేపు చూసింది. బెల్లం లేదు అన్నది. మరెవరున్నరే అంటే, నేనే ఉన్న అని భోరుమన్నది. ఎంత ఓదార్చినా ఊకోలే. ఊరికి పోయిన కుక్క ఇగ ఏ ఊర్లెనూ లేదని దానికి ఆ నీళ్లల్లనే తెలిసింది.

మా నానమ్మకు ఆ ఏడుపు వినపడనే లేదు. నేల మీద పడి దండం పెట్టింది. గండం గడిసింది, ఇగ పసిదాని పొట్టల సూదులెందుకు, ఇయ్యాలనే ఊరికి పోదమని మూట కట్టింది. బండి కట్టుమని చాచాకు చెప్పింది. నేను కూడా చెల్లెను పట్టుకొని ఎగిరిన. చెల్లె కూడా ఏడుసుకుంటనే ఇంటికి పోదమన్నది. చాచి ఒక్కతే లేవలే. గోడకు ఒరిగి కూసొని, నెమ్మదిగ చెప్పింది.

"అమ్మా, మీకు అబద్ధం చెప్పిన. పొలిమేర లేదు, దర్గా కాడ ఎవరూ ఏం చెప్పలే. నాకొక బిడ్డ ఉండె. ఘనపూర్ల ఉన్నప్పుడు దాన్ని కుక్క కరిసింది. ఏడు బాయిలు చూపిస్తే ఏడింటిల తన మొకమే కనపడ్డదని నవ్వుకుంట చెప్పింది. వాడంతా చక్కెర పంచిన. నెల దాటినంక గిలాసల నీళ్లు చూసి వణికింది. నీళ్లను నమ్మి నేను నా బిడ్డను ఇంటికి తోలుకపోయిన. మీరు తోలుకపోకున్రి."

చాచా బయట ఎడ్ల కాడ నిలబడి ఉన్నడు. ఆయన ఇటు తిరగలే. నానమ్మ మూట ఒళ్లె పెట్టుకొని అట్లనే కూసున్నది. ఎప్పటికో దాని ముడి విప్పి, గిన్నెలు మళ్ల పొయ్యి కాడ పెట్టింది. తర్వాత లేచి పోయి చాచి చెయ్యి పట్టుకున్నది. ఆ నాడు తానం చెయ్యలే.

ఆఖరు సూది దాక ఉన్నం. మా చెల్లె బతికింది. ఇప్పుడు దానికి మనుమరాండ్లు, వాళ్లకొక కుక్క. ఆ కుక్క పక్కకు వస్తే ఇప్పటికీ మా చెల్లె చెయ్యి వెనుకకు తీసుకుంటది, మళ్ల తానే ముందుకు చాపుతది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఇంకో ఆడపిల్ల యాదికొస్తది. నేను ఎన్నడూ చూడని పిల్ల, ఏడు సార్లు నవ్విన పిల్ల. మా చెల్లె ప్రాణం ఆ పిల్ల సావుల నుంచి వచ్చిందే. చెల్లె బతికినందుకు నిండుగ సంతోషపడుడు నాకు చాతకాలే, ఇన్నేండ్లయినా.

అప్పటి నుంచి నేను శకునం మంచిదంటే నమ్మను, చెడ్డదంటే నమ్మను. దవాఖానల సగంల లేచి పోదమనేటోళ్లను ఎందరినో గదమాయించి కూసోబెట్టిన. ముసల్ది మొండిదని నన్ను తిట్టుకుంటరు, తిట్టుకోనీ. గానీ ఒక్క పని మాత్రం చెయ్యను. బాయిల తొంగి చూసేటోళ్లను ఎన్నడూ ఎక్కిరియ్యను. ఎందుకంటే వరంగల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మాకు బాయిలతోని పని లేకుండె. నానమ్మ కొంగు కింద చెల్లె నిద్రపోయింది. అయినా చాచి ఊరూరికి బండి ఆపుమన్నది. ఒక్కతే దిగి, బాయి కాడికి పోయి, వంగి, నీళ్లల్లకు చాలాసేపు చూసొచ్చి మళ్ల బండి ఎక్కింది. ఎవరున్నరని మేం అడగలే.