తెల్లగా పడిన ఎర్రచీర

పోయిన నెల బోరిగుమ్మ నుంచి ఫోను వచ్చింది, బాబాయి పోయాడని. ఆ వెంటనే, "ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు, నీ దగ్గరుంటే పట్టుకురా" అన్నారు. ఊరందరి పెళ్ళిళ్ళూ తీసిన స్టూడియో మనిషి. ఆయన్ని తీయాలని ఒక్కడికీ తోచలేదు. నా దగ్గర ఒకటి ఉంది. సంచిలో పెట్టుకుని రాయగడలో బస్సెక్కాను.

డిజిటల్ కెమెరాలొచ్చి, రీళ్ళ పని పడిపోయి, స్టూడియోలో ఈగలు తోలుకునే రోజుల్లో ఆయనకి ఇన్‌ఫ్రారెడ్ పిచ్చి పట్టింది. అంటే, కంటికి కనపడని వెలుగుతో ఫోటో తీయడం. కోరాపుట్‌లో కెమెరాల కొట్టుకి నన్నూ లాక్కెళ్ళాడు. జేబులోంచి ఇంట్లోని టీవీ రిమోట్ తీసి, ఒక్కో కెమెరా ముందు పెట్టి నొక్కాడు. రిమోట్‌లోంచి వచ్చేదీ ఆ కనపడని వెలుగేనట, ఏ కెమెరా తెరలో దాని కొస మెరిస్తే అదే ఈ పనికి పనికొస్తుందట. కొట్టువాడు నన్ను పక్కకి పిలిచి, మీవాడికి ఒంట్లో బాగుందా అని ఒడియాలో అడిగాడు. ఛానెల్ మారడం లేదని దిగులు పడుతున్నాడని చెప్పాను.

వెలుగు తగిలిన కలర్ ఫిల్మును కడిగి, ఆ నల్ల ముక్క లెన్సుకి అడ్డంగా అతికించాడు; అది మామూలు వెలుగుని ఆపి, కనపడనిదాన్నే పోనిస్తుందట. మిట్టమధ్యాహ్నం ఎండలో, స్టాండు మీంచి పెరట్లో పనసచెట్టును తీశాడు. ఆకులు తెల్లగా, ఆకాశం నల్లగా వచ్చాయి. బాబాయి పెరట్లో మంచు పడిందని బజారంతా చెప్పాను. కొందరు చూడ్డానికొచ్చారు కూడా. ఆయన కోప్పడలేదు, వాళ్ళకి టీ ఇప్పించాడు. "ఆ ఎలుగుకి మన రంగులు తెలీవురా. ఆకు పచ్చగుంటాదని దానికెవుడు సెప్పేడు" అనేవాడు.

తర్వాత పిన్నికి ఎర్ర పట్టుచీర కట్టించి ఆ చెట్టు కిందే కూర్చోబెట్టాడు. నల్ల ముక్క అడ్డం కనక కెమెరా కాసేపు తెరుచుకునే ఉండాలి, కదలొద్దన్నాడు. ఏం బుద్ధి పుట్టిందో, మధ్యలో తనే పరుగెత్తి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఫోటోలో పిన్ని శుభ్రంగా ఉంది. సగంలో వచ్చి కూర్చున్న ఆయన పొగలా ఉన్నాడు, చొక్కాలోంచి వెనకాల పనసకాయ కనిపిస్తోంది. ఎర్రచీర తెల్లగా పడింది.

పెదనాన్న చూసి, బతికుండగానే పెళ్ళానికి తెల్లచీర కట్టిన వెధవ అని తిట్టాడు. ఆ చీర రంగు ఈ వెలుగుని పీల్చుకోదు, అందుకే తెలుపని బాబాయి చెప్పబోతే వినలేదు. శుభకార్యాలకి వీణ్ణి పిలవొద్దని ఊళ్ళో చెప్పి వచ్చిందీ ఆయనే. బాబాయి ఆ కెమెరా మళ్ళీ ముట్టలేదు. ఫోటో నాకిచ్చి, "నీకాడ ఉంచరా, ఎపుడైనా నవ్వుకుందుం" అన్నాడు. నవ్వుకోలేదు.

నేను బోరిగుమ్మ చేరాక దానికే దండ వేశారు. పదోనాడు పెదనాన్న తెల్లచీర పట్టుకొచ్చి, ఫోటో వైపు చెయ్యి చూపించాడు. "ఆడికి ముందే తెలిసింది. ఆడి సేత్తో ఆడే కట్టేడు. మనం కాదనడానికేటుంది" అన్నాడు. అందరూ తలలూపారు. బతికుండగా వెధవ, పోయాక జ్ఞాని. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. పిన్ని నాకేసి వద్దన్నట్టు చెయ్యి ఊపి లోపలికెళ్ళింది. పెట్టె మూత చప్పుడైంది.

బయటికొచ్చేసరికి ఆ ఎర్ర పట్టుచీర కట్టుకుని ఉంది. మడతల దగ్గర చిరిగింది.

"ఇదే సీర, బావగారూ. ఫోటోలో ఉన్నది ఇదే. తెల్లసీర ఆయన కట్టనేదు."

పెదనాన్న తెచ్చిన చీర ఆయన చేతిలోనే ఉండిపోయింది. పిన్ని వెళ్ళి ఫోటో కింద, చాప మీద ఓ పక్కకి జరిగి కూర్చుంది. గుమ్మంలోంచి మిట్టమధ్యాహ్నం ఎండ ఆ ఎర్రచీర మీద పడింది, పక్కన వదిలిన చోటు మీద కూడా.