ఊడ్చిన బియ్యం మీద కేసు

మా నాన్న బిలాస్‌పూర్ గూడ్స్ షెడ్డులో క్లర్కు. ఆ షెడ్డులో ఏ రూలు పుస్తకంలోనూ లేని రివాజు ఒకటుండేది. బస్తా చిరిగి కింద పడ్డ బియ్యం షెడ్డు ఊడ్చే ఆవిడవి, అందరూ ఆమెని బాయి అనేవారు. ఆమె వాటిని ఊడ్చి, చేటలో చెరిగి, కొంగున కట్టుకుపోయేది. నేను మధ్యాహ్నం కేరేజి పట్టుకెళ్లినప్పుడల్లా చూసేదాన్ని. "లే జా, లే జా" అని, పట్టుకుపొమ్మని మా నాన్న చెయ్యూపేవాడు. ఆయన సొమ్మేటి పోయింది? అయినా పెద్ద ధర్మప్రభువులా మొహం పెట్టేవాడు.

ఎనభైల్లో ఒక వానాకాలం, తఖత్‌పూర్ వెళ్లాల్సిన పురుగుల మందు డబ్బాలు షెడ్డులో దిగాయి. రెండు డబ్బాలు కారాయి. అలాంటప్పుడు నేల కడిగించాలి, పై ఆఫీసుకి రాయాలి, ఆ చోట తిండిగింజలు పెట్టకూడదు. మా నాన్న బూడిద పోయించి ఊడ్పించాడు, అంతే. మూడోనాడు వంగి వాసన చూశాడట. "వాసన పోయింది, ఇంకేటుంది?" అని అక్కడే బియ్యం బస్తాలు దింపించాడు. ఇంట్లో కిరసనాయిలు ఒలికినా ఆయన లెక్క అదే. వాసన పోతే విషమూ పోయినట్టే. అయ్యో నాన్నా!

ఒక బస్తా చిరిగింది. బాయి ఎప్పట్లాగే ఊడ్చుకుని పట్టుకెళ్లింది. ఆ అన్నం తిన్న ముగ్గురికీ వాంతులు. బాయీ, పెద్దకూతురూ ఆస్పత్రిలో బతికారు. నాలుగేళ్ల చిన్నది పోయింది.

కొన్నాళ్లకి పోలీసు దరోగా, అంటే అక్కడి ఎస్సై, మా క్వార్టరుకొచ్చాడు. విషపు మందుని అజాగ్రత్తగా ఉంచడం నేరమనీ, జైలు పడుతుందనీ, పొద్దున్నే పోలీసు థానాకొచ్చి జరిగిందేటో హిందీలో బయాను రాసివ్వమనీ చెప్పి పోయాడు. "ఓలమ్మో, నౌకరీ పోతే క్వార్టరూ పోద్ది, నలుగురు పిల్లల్తో ఏ గంగలో దూకాలి!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. పక్క క్వార్టరు మావయ్యది కూడా షెడ్డులోనే పని. ఆయనే ఉపాయం చెప్పాడు. "బాయే అడక్కుండా దొంగతనంగా పట్టుకుపోయిందని రాసీ బావా. తప్పు దానిమీదకి పోద్ది."

మా నాన్నకి తెలుగూ ఇంగ్లీషూ వచ్చు, హిందీ రాయడం రాదు. నేను అక్కడి హిందీ బళ్లో టెన్త్. కాయితం నా ముందు పెట్టారు. ఆయన గోడవైపు తిరిగి కూచున్నాడు, ఏటి రాయాలో అమ్మే చెప్పింది. దొంగతనం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆపీసేను.

"నాన్నా, నువ్వే కదా ఇచ్చేవోడివి?"

"రాయమ్మా," అన్నాడు. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మావయ్య మీద, అమ్మ మీద, అటు తిరిగి కూచున్న ఆ మనిషి మీద. కానీ ఏటి చెయ్యను? రాయకపోతే నాన్న జైలుకి పోతాడు, రాస్తే బాయి పోతుంది. పదిహేనేళ్ల పిల్లని అడగాల్సిన మాటేనా ఇది? ఏడుస్తూనే 'చోరీ' అని రాశాను.

పొద్దున్న థానాకి ముగ్గురం వెళ్లాం. బాయిని అప్పటికే పిలిపించి నేలమీద కూచోబెట్టారు. దరోగా కాయితం పైకి చదివాడు. ఆమె అరవలేదు, తిట్టలేదు. లేచి మా నాన్న దగ్గరకొచ్చింది.

"బాబూ, పట్టుకుపో అన్నది నువ్వే కదా?" అని వాళ్ల మాటలో అడిగింది.

ఆయన మళ్లీ గోడవైపు తిరిగాడు.

అప్పుడు నన్ను చూసింది. ఆ రాత నాదని ఆమెకి తెలీదు. "నువ్వు చూశావు కదా బిడ్డా. చదువుకున్నదానివి, నీ మాటైతే వింటారు. నువ్వు చెప్పు."

దరోగా నావైపు చూశాడు. అమ్మ నా రెక్క గట్టిగా పట్టుకుంది.

"నేను చూడలేదు," అన్నాను.

 కానిస్టేబులు బాయిని లాకప్పులోకి తీసుకుపోయాడు. మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు.