కుదురుగా దొరికిన తాళాలగుత్తి

నా చిన్నప్పుడు, ఐదో తరగతి చదువుతున్న రోజుల్లో, మా నాయనమ్మ ఒక్క వారంలో ఇరవై మూడు సార్లు ఏదో ఒక వస్తువును ఎక్కడో పెట్టి మరిచిపోయింది. ఇది ఉజ్జాయింపుగా చెబుతున్న మాట కాదు. లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో గీతలు గీసి నేనే లెక్కపెట్టాను. ఆ ఇరవై మూడింటిలో పంతొమ్మిది సార్లు ఆమె వెతకడానికి మా చెల్లెలిని పిలిచింది. నాలుగు సార్లు మా అమ్మను పిలిచింది. నా పేరు కింద సున్నా.

మాది నకరికల్లు వైపు ఒక పల్లె. నాయనమ్మ మతిమరుపు మా వీధికంతటికీ వినోదం. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకొని ఇల్లంతా గాలించేది. వక్కాకు సంచిని చేటలో పెట్టి, దాన్నీ బియ్యంతో పాటు చెరిగేది. ఒకసారి నరసరావుపేట బస్సెక్కి టిక్కెట్టు అడిగేటప్పుడు చూసుకుంటే, చేతిలో గొడుగుకు బదులు పప్పుగుత్తి ఉంది. “పేటలో పప్పెనపడానికి పోయావా ఏందొదినా?” అని పక్కింటి ముసలమ్మ ఆమెను నెల రోజులు ఆటపట్టించింది.

ఏడేళ్ల మా చెల్లెలికి ఏ వస్తువు ఎక్కడుందో ఏనాడూ తెలియదు. వెతకడం మొదలుపెట్టి, ఎందుకు వెతుకుతున్నదో మధ్యలో తానే మరిచిపోయేది. అప్పుడు నాయనమ్మా అదీ మంచం కింద నుంచే నవ్వుకొనేవారు. నాకు మాత్రం ఇంట్లో ప్రతి వస్తువు చోటూ తెలుసు. తెలిసిన నన్ను అడగకుండా తెలియనిదాన్ని అడగడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ నవ్వు విన్నప్పుడల్లా పచ్చిమిరపకాయ నమిలి మింగినట్టుండేది. కడుపుమంట అనే మాటకు అర్థం నేను ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకోలేదు.

ఆ మంటలో నాకొక ఉపాయం తోచింది. చెల్లెలికి దొరకని చోట వస్తువులను నేనే దాచి, అది ఓడిపోయాక నేనే తీసి ఇవ్వాలి. మరుసటి వారం, సోమవారం నాడు కళ్లజోడును రేడియో వెనక పెట్టాను. బుధవారం వక్కాకు సంచిని పత్తి కుక్కిన బోరేల వెనక పెట్టాను. రెండుసార్లూ చెల్లెలు ఓడిపోయింది, నేను క్షణంలో తెచ్చి ఇచ్చాను. నాయనమ్మ మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. ఆమె మాత్రం ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూసి, “నేనాడ ఎందుకు పెట్టానబ్బా?” అని తనలో తాను గొణుక్కుంది. నవ్వలేదు. అయినా నోటుపుస్తకంలో నా పేరు కింద రెండు గీతలు గీసుకున్నాను.

శుక్రవారం ఆమె స్నానానికి వెళ్తూ చిలక్కొయ్యకు తగిలించిన తాళాలగుత్తిని తీశాను. దేవుడి గూట్లో సాంబ్రాణి డబ్బా వెనక దాచాను.

అది సామాన్ల గది తాళం ఉన్న గుత్తి. తాతయ్య పోయిననాటి నుంచి పద్నాలుగేళ్లుగా అది నాయనమ్మ నడుమునే ఉంది. ఆ ఇంట్లో ఆమె మాటకున్న బరువంతా దానిదే. సరిగ్గా ఆ పొద్దుననే పత్తి గింజల కోసం నాన్న చేలో నుంచి వచ్చాడు. గింజలు ఆ గదిలో ఉన్నాయి. కూలీలు గట్టు మీద కూర్చొని ఉన్నారు. ఇంటిల్లిపాదీ అరగంట వెతికినా గుత్తి దొరకలేదు. నాన్నకు విసుగెత్తింది.

“అమ్మా, నీకింక మతి నిలవట్లా. దొరికినాక ఆ తాళాలు కోడలి చేతికియ్యి.”

అలవాటుగా నాయనమ్మ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

కాసేపటికి ఆమె తలెత్తి నా వైపు చూసింది. “ఏమే పెద్దదానా, ఇట్టా రా. ఇద్దరం ఎతుకుదాం.”

నేను లెక్క మొదలుపెట్టాక నన్ను పిలవడం అదే మొదటిసారి. నా చెయ్యి పట్టుకొని పొయ్యి దగ్గర, బియ్యం డబ్బా వెనక, కవ్వం మూలన, మిరపకాయలు కుక్కిన టిక్కీల సందున వెతికించింది. ప్రతి చోటా ఒక ముచ్చట చెప్పింది. మా నాన్న చిన్నప్పుడు ఆ మూలనే దాక్కొని నిద్రపోయాడట. నేను ఇన్నాళ్లూ కుళ్లుకొన్నది ఈ పది నిమిషాల కోసమే. అవి నా చేతికి వచ్చాయి. కానీ వెతికిన ప్రతి చోటా గుత్తి లేదని నాకు ముందే తెలుసు.

చివరికి, నా చూపు మాటిమాటికీ పోతున్న దేవుడి గూటి ముందు ఆగింది. వెతకనే లేదు. తిన్నగా సాంబ్రాణి డబ్బా వెనక చెయ్యి పెట్టింది. గుత్తిలోని ఐదు తాళంచెవులూ ఒకే వైపు తిరిగి, పెద్దది మొదలు చిన్నదాకా వరుసగా పరిచి ఉన్నాయి. నేను పెట్టే తీరు అదే.

“నా చేతి వస్తువు ఎప్పుడన్నా ఇంత కుదురుగా కూసుందటే?” అంది, నాకొక్కదానికే వినపడేలా.

తరువాత వసారాలోకి వెళ్లి, “దొరికిందిరా. నేనే పెట్టి మరిచా” అంటూ ఆ గుత్తిని మా అమ్మకు అందించబోయింది. అమ్మ అందుకోలేక నిలబడిపోయింది. ఇక నా వల్ల కాలేదు.

“నాయనమ్మ మరవలా. నేనే దాచా. కళ్లజోడూ, సంచీ కూడా నేనే.”

నాన్న చెయ్యి లేచింది. నాయనమ్మ అడ్డం వచ్చింది. “కూలోళ్లు కూసున్నారు. ముందు గింజలు తీసకపో” అని, గది తలుపు తానే తీసి, గుత్తిని మళ్లీ నడుమున దోపుకొంది.

సాయంత్రం ఏడుస్తూ అడిగాను, నన్నెందుకు పిలవవని. ఆమె నా కళ్లు తుడిచి, తప్పు తనదే అన్నట్టు మెల్లగా చెప్పింది. “నిన్ను పిలిస్తే వస్తువు దొరుకుద్దే. దాంతోపాటు లెక్కా వచ్చుద్ది. ‘ఇయ్యాలకిది మూడోసారి నాయనమ్మా’ అంటావు. నాకు చానా సిగ్గేసుద్ది. చిన్నది లెక్కబెట్టదు. నాతోపాటు తనూ ఎతుకుద్ది.”

అది నిజం. ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో మాత్రం నా పుస్తకంలో లేదు. ఆ తరువాతి వారం నేను గీతలు గీయలేదు. అందుచేత ఆ వారం ఆమె నన్ను ఎన్నిసార్లు పిలిచిందో చెప్పలేను. పిలిచింది.

ఇప్పుడు చెల్లెలూ నేనూ నరసరావుపేటలో రెండు వీధుల దూరంలో ఉంటున్నాం. దాని మతి ఏమీ మారలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా, “అక్కా, నా ఫోను యాడ పెట్టానే?” అంటుంది. వెంటనే మనవళ్లూ మనవరాళ్లూ దాని చుట్టూ మూగి నవ్వులు మొదలుపెడతారు. ఈ వయసులోనూ నా కడుపులో ఆ మిరపకాయ ఘాటు కాస్త తగులుతుంది. ఫోను ఫ్రిజ్ మీద ఉందని నాకు తెలుసు. సరిగ్గా పది గంటల పది నిమిషాలకు పెట్టిందనీ తెలుసు. అయినా లేచి దానితో పాటు ముందు దిండు కింద చూస్తాను, తరువాత బియ్యం డబ్బా వెనక చూస్తాను. ఫ్రిజ్ దగ్గరికి మూడోసారికి గానీ వెళ్లను.