సంపాన్ మీద మగరాయుడు

మొన్న వాన పడుతున్న మధ్యాహ్నం మా మనవరాలు వరండాలో కూర్చుని, తాను చదువుతున్న పిల్లల నవల కథ తనకొచ్చిన కాస్త తెలుగులో నాకు చెప్పింది. పూర్వకాలంలో ఎక్కడో అడవి అంచున, ఊళ్ళింకా పుట్టని చోట, తండ్రితో కట్టెలు కొడుతూ, గుర్రమెక్కి తిరిగిన మగరాయుడి లాంటి పిల్ల కథ అది. అలాంటి నవలనే నా చిన్నతనంలో మా పంతులమ్మ బళ్ళో రోజుకింత చదివి, బర్మా భాషలో విడమరచి చెప్పేది.

బర్మాలో నేనిప్పటికీ ఉంటున్న ఈ ఊరిని అప్పట్లో మనవాళ్ళందరూ రంగం అనేవారు. మా నాన్న చిమిండైంగ్ పేటలో నది ఒడ్డున బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. అమ్మ నన్ను కని పోయింది. జడ వెయ్యడం చేతగాక నాన్న నా జుట్టు పొట్టిగా కత్తిరించి, తన పాత చొక్కాలే కురచ చేసి తొడిగేవాడు. అందుకని వీధిలో ఆడపిల్లలు నన్ను కలుపుకునేవారు కాదు, మగపిల్లలు రానిచ్చేవారు కాదు. ఆ నవల్లో పిల్ల ఒక్కతే నా జట్టు అనిపించేది.

అడవి అంచు నాకెక్కడ దొరుకుతుంది? నదికి అవతలి ఒడ్డునే అడవి అనుకున్నాను. అక్కడికి మనుషుల్ని దాటించే సంపాన్ పడవ నడిపే బర్మా ఆవిడను అమా అని, అంటే అక్కా అని పిలిచేదాన్ని. నాకు తెడ్డు పట్టడం నేర్పింది ఆవిడే. బడి వదలగానే ఆ పడవలో నిలబడి తెడ్డు వేస్తుంటే, నేనూ ఒకరికి కావలసినదాన్నే అనిపించేది.

నేను పెద్దమనిషినైన ఏడు నాన్నకు అక్క, నాకు మేనత్త, మా దేశం నుంచి ఓడెక్కి వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏట్రా ఇది? ఆడపిల్లని ఇలగ పెంచుతారేటి? రేపు దీన్నెవులు సేసుకుంతారు?"

నాన్న తల వంచుకున్నాడు. బడి మానిపించారు, లంగా ఓణీ కట్టించారు, గడప దాటొద్దన్నారు. నవల్లో పిల్ల చివరికి ఏమైందో నాకు తెలియనే లేదు.

కొన్నాళ్ళకు, నాన్న ఇంట్లో ఉన్న పూట, అమా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పిల్లకు జ్వరమా, ఒడ్డుకు రావడం లేదేమని అడిగింది. బర్మా భాష రాకపోయినా మేనత్తకు సంగతి తెలిసిపోయింది.

"ఇక్కడ పిల్ల నేదు, ఎదిగిన మనిసుంది. ఇక రాదని సెప్పు."

నాన్న ఆ మాట చెప్పలేదు. నన్ను ఓడెక్కించి మా దేశం పంపేశానని చెప్పాడు. తలుపు వెనకాల నిలబడి వింటూనే ఉన్నాను. అమా అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ కేక వేస్తే ఆవిడ ముందు నాన్న అబద్ధం బయటపడుతుందని, గడియ పట్టుకుని అక్కడే ఉండిపోయాను. ఆవిడ నాకోసం తెచ్చిన చెరుకుగడ గోడకు ఆనించి వెళ్ళిపోయింది.

ఇప్పుడా రేవులో మోటారు పడవలు తిరుగుతున్నాయి. వీధిలో మనవాళ్ళ ఇళ్ళు ఒకటో రెండో మిగిలాయి. నేనెక్కడికి వెళ్ళినా వద్దనే పెద్దలెవరూ లేరు. సాయంత్రాలు తలుపు తీసుకుని కూర్చుంటాను, పిల్ల ఒడ్డుకు రావడం లేదేమని అడిగేవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.