నోరు విప్పాకే కొత్త పరికిణీ

నా చిన్నప్పుడు పెద్దవాళ్లు నన్ను విసిగించినంతగా ఇంకెవర్నీ విసిగించి ఉండరు. అప్పుడు రంగూన్‌లో ఉండేవాళ్లం. నాన్నకు బోటాటౌంగ్ రేవులో పని. అమ్మ చౌక్తడాలో ఒక యూదుల ఇంట్లో ఇంటిపని చేసేది. బడి వదిలాక నేనూ అక్కడికే పోయేదాన్ని.

ఆ ఇంటి పిల్లాడికి పదమూడేళ్లు నిండితే, వాళ్ల ప్రార్థన మందిరంలో అందరి ముందూ గ్రంథం చదివించి ఇంటినిండా విందు చేశారు. మరుసటేడు వాడి చెల్లెలికి పన్నెండు నిండితే ఒక కొత్త గౌను, అంతే! ఆ పిల్ల మొహం మాడ్చుకుంది. చూస్తున్న నాకూ ఒళ్లు మండింది.

వాళ్ల మామ్మగారు హిందుస్తానీలో సర్దిచెప్పారు. ఆడపిల్లను మందిరంలో చదవడానికి పిలవరట. కానీ బాగ్దాదులోని వాళ్ల పుట్టింట్లో, పన్నెండేళ్ల పిల్ల కొత్త బట్ట తొడుక్కునే ముందు, ఈ రోజు దాకా తెచ్చినందుకు దేవుడికి తన నోటితో తనే వందనం చెప్పాలట. ఆనాటి నుంచి దాని మంచిచెడ్డలు దానివేనట. ఈపాటిదానికి ఇంత చెప్పాలా అనుకున్నాను.

ఆ ఏడే నేను పెద్దమనిషినయ్యాను. నన్ను తాటాకు చాప మీద మూలన కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపిస్తూ, నా ఎదురుగానే నా బడి మాన్పించేశారు. నన్నొక్క మాట అడిగినవాళ్లు లేరు. ఇంగ్లీషు రెండో పుస్తకం సగంలో ఉంది!

స్నానం రోజున మామ్మగారు పట్టు పరికిణీ పట్టుకుని మా ఇంటికొచ్చారు. బయటి వంట తినకూడదన్న వాళ్ల ఆచారం కొద్దీ అరటిపండు తప్ప ఏమీ ముట్టలేదు. పేరంటాళ్లు హారతి పట్టుకుని నిలబడ్డారు. పరికిణీ మాత్రం ఆవిడ ఒళ్లోంచి కదలదు. ముందు పిల్ల నోరు విప్పాలని ఒకటే పట్టు.

మా నాయనమ్మకు ఓపిక పోయింది. "ఏటే ఈవిడ గోల? ముహూర్తం దాటిపోతంది. ఏదో ఒకటి బేగి సెప్పీయే గుంటా!"

నాకూ పోయింది. తడిజుట్టుతోనే లేచి గట్టిగా అన్నాను. "దేవుడా, ఈ రోజు దాకా తెచ్చావు. నేను బడి మానను."

మామ్మగారికి తెలుగు ముక్క రాదు. ఏమన్నానని అడగనైనా అడగకుండా నా తల మీద చెయ్యి పెట్టి దీవించి, పరికిణీ ఇచ్చేశారు. హారతి ముందు అన్న మాట కాదంటే అరిష్టమని పేరంటాళ్లు గొణిగారు. నాయనమ్మ పళ్లు నూరింది, కానీ చెప్పమన్నది తనే కదా. అమ్మ నాకు పరికిణీ తొడిగి బొందు ముడివేసింది. సోమవారం తనే నన్ను బడి దగ్గర దింపింది.

ఇప్పుడు మనవరాళ్లకు కొత్త బట్ట పెట్టినా అంతే. తమకేం కావాలో నోరు విప్పి చెప్పేదాకా నా చేతిలోంచి వదలను. ఈ ముసలిదానితో విసుగొస్తోందంటారు. రానీ.