అంగారకుడి మీద ఒడ్డిన మీసం

మా ఆయన సెలూన్‌కి బోర్డు లేదు. అవసరమూ లేదు. చెంపల దాకా పాకిన ఆయన మీసమే బోర్డు. ఇల్లు సెలూన్ వెనకే కాబట్టి ఆ వైభోగమంతా రోజూ నా కళ్లముందే జరుగుతుంది. పొద్దున్నే షట్టర్ ఎత్తి ముందు అద్దం తుడుస్తాడు, తర్వాత మీసానికి నూనె రాస్తాడు, ఆ తర్వాతే నేనిచ్చే టీ. నన్ను కట్టుకునేటప్పటికే ఆ మీసం ఉంది. మా పెళ్లి ఫోటోలో నన్ను వెతుక్కోవాలి గానీ, అది మాత్రం ఇట్టే కనపడుతుంది.

మెడకు గుడ్డ కట్టేశాక కుర్చీలోని మనిషి ఎక్కడికీ పారిపోలేడు కదా, ఆ ధైర్యంతో మా ఆయన లోకంలోని సంగతులన్నీ మాట్లాడతాడు. ఆ మధ్య రోజూ అంగారకుడే. అక్కడ ఊళ్లకు ఊళ్లు పట్టేంత పెద్ద గుంట ఉందట, దాన్ని బిలం అంటారట, రోవర్ అనే బండి అందులోకి దిగబోతోందట. ఎవరి తల తడుపుతున్నా ఇదే గోల.

"అది ఒకప్పుడు చెరువండీ. నీళ్లు నిలిచిన జాడ దొరికి తీరుతుంది, రాసిపెట్టుకోండి!" అంటూ కత్తెర గాల్లో ఊపేవాడు. కింద ఎవరి చెవి ఉంటే వాళ్లు బిక్కచచ్చి కూర్చునేవారు.

పక్క కొట్టు దర్జీ అన్నయ్యకు ఈ ధోరణి గిట్టేది కాదు. ఆయన మిషన్ తొక్కుతూ రోజంతా పాడతాడు. అబ్బబ్బ, ఏం గొంతండీ అది! వింటే చెప్పులు వదిలేసి పరిగెత్తాలి.

"నీళ్లా నా మొహమా! దుమ్మూ రాళ్లూ, అంతే బావా," అన్నాడు ఒకరోజు గుమ్మంలో నిలబడి.

మా ఆయనకు రోషం వచ్చింది. "మొదటి ఫోటోలోనే తేలిపోతుంది చూడు. నీళ్ల జాడ లేకపోతే మీసం తీసేస్తా! ఉంటే మాత్రం నువ్వు జన్మలో పాడకూడదు."

మొదటి ఫోటోలోనే అని ఎవరు అనమన్నారు? శాస్త్రవేత్తలే ఏళ్లు పడుతుందని మొత్తుకుంటుంటే! కానీ మా ఆయన అలవాటు అది. ఏ తలనైనా ఒక్క చూపు చూసి, చుండ్రు ఎంత, బట్టతల ఎప్పుడు అన్నది చెప్పేస్తాడు. అంగారకుడు కూడా తన కుర్చీలోకి వచ్చిన తలే అనుకున్నాడు.

పందెం సంగతి వీధంతా పాకింది. వచ్చినవాళ్లు బిలంలో ఏముంటుందన్నది వదిలేసి, మీసం కింద ఏముంటుందా అని ఊహలు మొదలుపెట్టారు. పుట్టుమచ్చ అని ఒకరు, అసలు పెదవే లేదని ఇంకొకరు. నాకూ కుతూహలమే, దాచడమెందుకు? మా ఆయన మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోయాడు. అన్నం కెలికి లేచిపోయేవాడు.

"పోనీ మాట వెనక్కి తీసుకోండి," అన్నాను.

"మాట మాటే," అని మీసాన్ని అరచేత్తో కప్పుకున్నాడు. గుప్పెడు వెంట్రుకల మీద ఇంత మమకారం ఏమిటని విసుక్కున్నాను.

ఫోటో వచ్చింది. సెలూన్ టీవీలో అందరం చూశాం. దుమ్ము. రాళ్లు. దూరంగా ఇంకొన్ని రాళ్లు. నీళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేం, ఇంకా వెతకాలి అన్నారు టీవీలో. దర్జీ అన్నయ్య అక్కడే పాట ఎత్తుకున్నాడు.

మా ఆయన అందరినీ బయటికి పంపి షట్టర్ సగం దించాడు. కత్తి మీసం దాకా తెచ్చి, మళ్లీ దించేశాడు. ఈ వీధి గడ్డాలన్నీ గీసిన చెయ్యి అది!

"నా వల్ల కాదే. నువ్వే తీసెయ్," అని తన కుర్చీలో తనే కూర్చున్నాడు. "ఒక్కటే మాట. నవ్వకు."

నురగ పట్టించి మెల్లగా గీశాను. పెదవి పైన, చిటికెనవేలి కొస పట్టేంత గుంట బయటపడింది. పాత గాయం.

"చిన్నప్పుడు కుక్క కరిచింది," అన్నాడు కళ్లు మూసుకునే. "బళ్లో గుంటమూతి అనేవాళ్లు. ఒక్కడూ పేరు పెట్టి పిలవలేదు. మీసం మొలిచాకే తలెత్తుకుని తిరిగాను. నువ్వు చూస్తే ఏమంటావోనని..."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమంటాను? వదిలేసి పోతాననుకున్నారా? ఇన్నేళ్ల కాపురంలో నా గురించి తెలుసుకున్నది ఇంతేనా? ఈ కాస్త గుంట కోసమా నా చేత రోజూ టీ గ్లాసులకంటిన మీసం జిడ్డు తోమించారు?"

తిడుతూనే ఆ గుంటను వేలితో నిమిరాను. అంతే, మా ఆయనకు ఏడుపు ఆగలేదు. కన్నీటిబొట్టు ఒకటి ముక్కు పక్కగా జారి, తిన్నగా వచ్చి అందులో నిలిచింది.

సరిగ్గా అప్పుడే దర్జీ అన్నయ్య షట్టర్ కింద వంగి లోపలికొచ్చాడు, పాటతో సహా. మా ఆయన చటుక్కున తువ్వాలు అందుకుని మొహం దాకా ఎత్తాడు. నా వైపు చూశాడు. మెల్లగా దించేశాడు.

"దగ్గరికి రా బావా, సరిగ్గా చూడు," అన్నాడు తన మూతి చూపిస్తూ. "గుంటలో నీళ్లు దొరికాయి. ఇక పాట ఆపు."